కరువు సీమలో క్షేత్రయాత్ర



తీర్థయాత్ర వలన యాత్రికునకు కలుగు పుణ్యమును గూర్చి పెద్దలు పలుమారులు చెప్పియున్నారు. ఆ యాత్ర వలన క్షేత్రమున్న గ్రామమునకు కలుగునదేమి యను ప్రశ్న మాత్రము మన ప్రసంగములలో అరుదుగా వినవచ్చును. నేటి ప్రసంగమును ఆ ప్రశ్నకే వినియోగింపదలచితిమి. ఇందుకై దూరదేశములకు పోనక్కరలేదు. మన అనంతపురపు పీఠభూమియే చాలును.

ఈ సీమ సంగతి మీకు తెలియనిది కాదు. నైరుతి ఋతుపవనము తన నీటిని పడమటి కనుమలలోనే చాలవరకు వదలి, ఒట్టి గాలియై ఇటు వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంతదూరము వచ్చులోపలనే నీరసించును. ఏడాది మొత్తమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వర్షము. దేశములో జైసల్మేరు తరువాత ఇదియే అత్యల్ప వర్షపాతము గల జిల్లాయని చెప్పుట వాడుకయైనది. 1876–78 నాటి మహాక్షామమును, ధాత కరువును, ముసలివారు కథలుగా చెప్పుచుండెడివారు. అప్పటికి ఈ ప్రాంతమున చాలభాగము బళ్ళారి జిల్లాలోనిది. అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది 1882లో. 2022 ఏప్రిల్ 4న దీని దక్షిణభాగము శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడినది. లేపాక్షి, పుట్టపర్తి, పెనుకొండ, కదిరి, ధర్మవరము నేడు ఆ క్రొత్త జిల్లాలోనివి. జిల్లా పేరు మారినను వాన మాత్రము పాత లెక్కనే కురియుచున్నది.

ఇంతటి ఎండిన నేలపై ఇన్ని గొప్ప దేవాలయములు ఎట్లు నిలిచినవి? తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడు, కదిరిలో లక్ష్మీనరసింహస్వామి, లేపాక్షిలో వీరభద్రుడు. కడుపునిండా తిండి లేని చోట రాతిపై ఇంత చెక్కడము ఎవరు చేయించిరి, ఎవరు చేసిరి, వారికి కూలి ఎచ్చటనుండి వచ్చినది? చరిత్రను భక్తితో చదువువారు సైతము ఈ ప్రశ్నను దాటి పోరాదు.

పూర్వము దేవాలయము, చెరువు ఒకే పద్దులోనివి. కడప జిల్లా పోరుమామిళ్ళలో భైరవాలయము కడ ఒక సంస్కృత శాసనము కలదు. కాలము 1369. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించిన చెరువును గూర్చినది ఆ శాసనము. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అందులో ఉన్నది. మంచి చెరువునకు ఉండవలసిన అంగములేవి, దోషములేవి యని కూడ అదియే చెప్పుచున్నది. ఒక ఇంజనీరు వ్రాసుకొనవలసిన విషయము గుడి ముంగిట దేవభాషలో చెక్కబడియున్నది. చెరువు త్రవ్వుట ధర్మకార్యమని ఆ కాలపువారు నమ్మిన తీరునకు ఇంతకన్న సాక్ష్యము వలదు.

తిరుమల సంగతి మరింత తేటగా తెలియవచ్చినది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు మొదలైనవారు వెలికిదెచ్చిన దేవస్థానము శాసనములను చదివి, బర్టన్ స్టయిన్ అను అమెరికను చరిత్రకారుడు 1960లో ఒక వ్యాసము ప్రకటించెను. విజయనగర కాలమున భక్తులు స్వామికి సమర్పించిన ధనములో గణనీయమైన భాగము హుండీలో నిదురించలేదని ఆ వ్యాసము చూపినది. దేవస్థానమువారు ఆ ధనమును దేవుని గ్రామములలో చెరువులకు, కాలువలకు వెచ్చించెడివారు. నీరు పారిన పొలము అదనముగా పండించినది స్వామి నైవేద్యమునకు వచ్చెడిది. దాతకు ప్రసాదములో నియమితమైన వంతు ఉండెడిది. చూడుడు ఈ ఏర్పాటులోని చమత్కారము! దూరమునుండి వచ్చిన యాత్రికుని కాసు ముందు నీరైనది, తరువాత వడ్లైనది, పిదప ప్రసాదమై మరల యాత్రికుని చేతికి వచ్చినది. నడుమ ఒక గ్రామము అన్నము తినినది.

ఇక లేపాక్షికి వత్తము. హిందూపురమునకు తూర్పున 15 కిలోమీటర్ల దూరమున, కూర్మశైలమను చిన్న బండగుట్టపై ఈ ఆలయము వెలసినది. అచ్యుతదేవరాయల కాలమున (1529–42) పెనుకొండలో రాయల అధికారిగా నుండిన విరుపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ దీనిని కట్టించిరి. దేవుని సేవకై గ్రామములను, భూములను ఇచ్చిన శాసనములు ఆలయమునందే ఉన్నవి. విరుపణ్ణ కథ మీలో చాలమంది వినియుందురు. రాయలవారి అనుమతి లేకయే కోశాగారపు ధనమును ఆలయమునకు వెచ్చించెనని కొండెములు చెప్పిరట. కన్నులు తీయించుడని ఆజ్ఞ యైనదట. రాజభటులకు ఆ శ్రమ లేకుండ తానే కన్నులు పెరికి గోడకు కొట్టెనట. అసంపూర్తిగా నిలిచిన కళ్యాణమండపము దగ్గర ఎఱ్ఱని మచ్చలను చూపి నేటికిని ఆ కథను చెప్పుదురు. లేప అక్షి యను మాటనుండియే ఊరి పేరు వచ్చెనని కొందరు. రావణునితో పోరి కూలిన జటాయువును శ్రీరాముడు ‘లే పక్షీ’ యని పిలిచిన చోటు కనుక ఆ పేరని మరికొందరు.

చరిత్రకారులు ఈ కథను అంగీకరింపకపోవచ్చును. మాకు మాత్రము ఇందులో ఒక ముఖ్య విషయము కనబడుచున్నది. నాలుగు వందల యేండ్లకు పైగా ఈ ఊరివారు తమ గుడిని గూర్చి దాచుకొన్న కథ ఒక లెక్కల తగవు! ప్రజాధనమును దేవుని పనికి వెచ్చించుట ఒప్పా, తప్పా? వెచ్చించినవాడు ఎవరికి జవాబు చెప్పవలెను? శిల్పమును చూచి మురియుట మనవంతు. కరువులో బ్రతికినవారు ఖర్చును మరచిపోలేదు. ఆ మండపము చేరువనే బండపై పెద్దపెద్ద పళ్ళెముల ఆకారములు, గిన్నెలవంటి గుంటలతో కూడ, చెక్కబడియున్నవి. శిల్పులు వానిలో అన్నము తినెడివారని స్థానికులు చెప్పుదురు. రంగులు నూరుకొనెడివారని వేరొక మాట. ఏది నిజమైనను, గుడి కట్టుచున్నన్ని నాళ్ళు రాళ్ళు మోయువారికి, సున్నము నూరువారికి, శిల్పులకు కూడు దొరికినదని మాత్రము ఊహించుటకు అడ్డేమున్నది?

గుడి నిలిచిన పిదప దాని చుట్టును ఒక బ్రతుకుతెరువు అల్లుకొనెడిది. అర్చకులకు, మేళగాండ్రకు, పూలమాలలు కట్టువారికి, దీపపు ప్రమిదలు చేయు కుమ్మరికి, మడుగులు ఉదుకు చాకలికి, తలకొక పని, పనికొక మాన్యము. ఉత్సవము వచ్చినచో చుట్టుపట్ల ఊళ్ళ బండ్లన్నియు అక్కడికే. ఈ ఏర్పాటులో ఎక్కువతక్కువలు లేవని మేము చెప్పము. అందరికి గుడిలోపలికి ప్రవేశము లేని కాలమది. మాన్యము కలవానికి, లేనివానికి నడుమ దూరము ఉండెడిది. అయినను గుడికి వచ్చినది ఊరిలో తిరిగెడిది.

ఆ అల్లిక క్రమముగా విడిపోయినది. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు దత్తము చేసిన పిదప మాన్యములన్నియు సర్కారు విచారణకు లోబడినవి. స్వాతంత్ర్యానంతరము దేవాదాయ చట్టములు వచ్చినవి. 1987 నాటి 30వ చట్టము వంశపారంపర్యపు అర్చకత్వ, మిరాసీ హక్కులను రద్దు చేసినది. అర్చకుల విషయమున 2007లో కొంత సడలింపు కలిగినది. లేపాక్షివంటి చోట్ల కట్టడమును కాపాడుట కేంద్ర పురావస్తుశాఖ బాధ్యత. ఆ శాఖ కాపాడకున్న అందులోని చిత్రములు ఈపాటికి పొడియై రాలియుండెడివి కనుక మేము దీనిని నిందింపము. కాని గుడికిని గ్రామమునకును నడుమ నుండిన పాత పద్దు మూతపడినది. సరిగా ఆ ఖాళీలోనికి పర్యాటకము వచ్చి చేరినది.

లేపాక్షికి నేడు వచ్చువారిలో పెక్కుమంది బెంగుళూరునుండి వత్తురు. దూరము 120 కిలోమీటర్లు. కొడికొండ వద్ద హైదరాబాదు రహదారిని విడిచి కొంతదూరము పోయినచో చాలును. 2008లో దేవనహళ్ళి విమానాశ్రయము తెరచిన తరువాత ఆ మహానగరము ఉత్తరముగా పెరిగి మనకు మరింత చేరువైనది. శని ఆదివారములలో కార్లు బారులు తీరును. 2024 జనవరి 16న ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు వీరభద్రస్వామిని దర్శించిన తరువాత ఈ పేరు దేశమంతట మరల వినబడినది.

వచ్చినవారు ఏమి చేయుదురు? నాట్యమండపమున నేలకు పూర్తిగా ఆనని స్తంభము ఒకటి కలదు గదా. దాని క్రింద తువాలునో చీరకొంగునో ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు లాగుదురు. ఏడు పడగల నాగలింగము ఎదుట ఫొటో తీసికొందురు. ఇరువదియేడు అడుగుల పొడవు, పదునైదు అడుగుల ఎత్తు గల బసవన్న కడ మరియొక ఫొటో. గంటన్నర గడచులోపల కారు తిరుగుముఖము పట్టును. తలయెత్తి పైకప్పు చూచువారు కొద్దిమంది. పార్వతీ కళ్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము, మనునీతి చోళుని కథ అచ్చట రంగులలో ఉన్నవి. విజయనగర కాలపు చిత్రలేఖనము ఇంత విస్తారముగా మిగిలిన చోట్లు బహు స్వల్పము. ఆ స్త్రీల చీరల అంచులు, పురుషుల కుళ్ళాయిలు, నగలు, జడలు చూచినచో అయిదు వందల యేండ్లనాటి మన సీమ కన్నుల కట్టును. స్తంభము క్రింద గుడ్డ లాగుటకు పట్టు కాలములో సగము చాలును అది చూచుటకు.

ఇందులో గ్రామమునకు దక్కినదేమి? కొబ్బరికాయలు, పూలు, సోడాలు, వేరుసెనగ పప్పుండలు అమ్ముకొను కొన్ని అంగళ్ళు, దారి చూపువారు కొందరు, ఆటోలు, ప్రభుత్వ పర్యాటకసంస్థవారి హరిత హోటలులో కొన్ని ఉద్యోగములు. ఇది లేదనరాదు. వేరుసెనగ ఎండిపోయిన యేట ఒక అంగడి ఒక కుటుంబమును నిలబెట్టును. కాని పెట్రోలు బెంగుళూరిలో పోయించుకొని, పలహారము రహదారిపై ముగించుకొని, రాత్రికి ఇల్లు చేరువాడు ఊరిలో ఎంత ఖర్చు పెట్టును? ఇక్కడొక వింత చూడుడు. సెలవు దినమున బెంగుళూరు కార్లు ఇటు వచ్చు రహదారి మీదనే, పంట పోయిన మన పల్లెలవారు కూలికై మూటలతో బెంగుళూరునకు పోవుచుందురు. చూడ వచ్చువారు, బ్రతుక పోవువారు ఒకరినొకరు దాటుకొని పోవుదురు. ఒక రాత్రి నిలిచిన యాత్రికుడు గంటసేపు నిలిచిన పదిమంది కన్న ఊరికి మేలని ఏ అంగడివానిని అడిగినను చెప్పును.

పేరు మాత్రము దూరము పోయినది. రాష్ట్ర హస్తకళల సంస్థవారి అంగళ్ళకు ‘లేపాక్షి’ యనియే పేరు. నగరములలో ఆ బోర్డు చూచి కొండపల్లి బొమ్మలు కొనువారిలో, అది హిందూపురము ప్రక్కనున్న ఒక ఊరి పేరని తెలియనివారును ఉందురు.

2016, 2018 సంవత్సరములలో రాష్ట్రప్రభుత్వము లేపాక్షి ఉత్సవములను ఘనముగా జరిపినది. వెలుగులు, నృత్యములు, జనసందోహము. అవి ముగిసిన మరునాడు ఊరు మరల ఊరే. మహాశివరాత్రి ఉత్సవము తీరు వేరు. అది ఊరివారిదే, వచ్చువారు చుట్టుప్రక్కల పల్లెలవారు, కన్నడ సీమవారు. రెండింటిని పోల్చి ఒకదానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అయితే మొదటిదానికి ఊరు వేదిక. రెండవదానికి ఊరే కర్త.

ఇప్పుడు మాకు కొంత ఆందోళన కలిగించు విషయమునకు వచ్చుచున్నాము. 2022లో లేపాక్షి వీరభద్రాలయము, ఏకశిలానంది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల తాత్కాలిక జాబితాలో చేరినవి. సంతోషము. గౌరవము. కాని గౌరవము వచ్చిన చోట ఊరివారికి ఏమి జరిగినదో హంపిని చూచి తెలిసికొనవచ్చును. అది 1986లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. 1999 నుండి 2006 వరకు ప్రమాదములో నున్న స్థలముల పట్టికలో ఉండెను. 2011 జూలైలో విరూపాక్షుని గుడి ముందటి బజారువీధిలోని ఇండ్లను, అంగళ్ళను కూల్చివేసిరి. పురాతన మండపములను ఆక్రమించి కట్టుకొన్నారన్నది కారణము. ఆ కారణములో సత్యము లేకపోలేదు. రాతిమండపములకు సున్నము పూసి, గోడలు లేపి, ఆ కట్టడమునకు చేటు కలిగించిన మాట నిజమే. కాని ఆ మండపములు మొదట బజారుగానే కట్టబడినవి గదా! జనము కొనుచు అమ్ముచు తిరుగుటకే రాయలకాలమున వానిని నిలిపిరి. యాత్రికులకు టీ కాచి పోసి, పూలమ్మి బ్రతికిన కుటుంబములు ఆ వీధి విడిచి పోవలసివచ్చినది. వీధి శుభ్రమైనది, బజారు మాత్రము పోయినది.

లేపాక్షిలో గుడి ఊరికి దూరముగా లేదు. రక్షిత కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణము కూడదనియు, ఆపైన 200 మీటర్ల వరకు అనుమతి వలయుననియు 2010లో చట్టమును సవరించిరి. ఇంటిపై ఒక గది వేసుకొని యాత్రికునకు అద్దెకిత్తునని తలచు గృహస్థునకు ఆ చట్టము అడ్డు. కనుకనే రాత్రి నిలువదలచినవానిని నిలుపుకొను శక్తి ఊరికి తక్కువైనది. చట్టము వలదని మేమనము. బసవన్న పక్కన అయిదంతస్తుల లాడ్జి లేచుట ఎవరికి ఇష్టము? కాని కట్టడపు హద్దులు గీయు వేళ, దాని నీడలో తరతరములుగా నున్నవారిని కూర్చుండబెట్టి మాటలాడుట కూడ అవసరము. విరుపణ్ణ కథలోని లెక్కల తగవు ఇదియే, వేరు రూపమున.

మరియొక ఉదాహరణము పుట్టపర్తి. చిత్రావతి ఒడ్డున నుండిన చిన్న పల్లె. 1926 నవంబరు 23న సత్యసాయిబాబాగారు అచ్చట జన్మించిరి. 1950లో ప్రశాంతి నిలయము ప్రారంభమైనది. ఇచ్చటికి వచ్చినవారు గంటలో పోయెడివారు కారు. వారములు, నెలలు ఉండెడివారు. కొందరు అచ్చటనే స్థిరపడిరి. ఊరి ఇండ్లు బసలైనవి, రైతులు వర్తకులైరి, కాశ్మీరమునుండి శాలువల వ్యాపారులు వచ్చి అంగళ్ళు పెట్టిరి. బడి ముఖము చూడని ఆటోడ్రైవరు ఇటలీవారితో వారి మాటలలో బేరమాడెను. 1990లో విమానాశ్రయము, 1991 నవంబరులో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారి చేతులమీదుగా ఉచిత వైద్యము చేయు పెద్ద ఆసుపత్రి, 2000లో రైల్వేస్టేషను. వీనన్నిటికన్న మా లెక్కకు పెద్దది 1995–96 నాటి త్రాగునీటి పథకము. జిల్లాలో 700లకు పైబడిన గ్రామములకు ఆ నీరు చేరినది. ఫ్లోరైడు నీరు త్రాగి నడుములు వంగిన పల్లెలవి. దూరమునుండి వచ్చిన భక్తుని కాసు నీరైనది! తిరుమల శాసనములలోని పాత పద్ధతి, మన కన్నుల ఎదుట, గొట్టముల రూపమున తిరిగి వచ్చినది.

అయితే పుట్టపర్తి మరియొక సత్యమును కూడ చూపినది. 2011 ఏప్రిల్ 24న బాబాగారు నిర్యాణము చెందిన పిదప వచ్చువారు తగ్గిరి. బసలు ఖాళీపడినవి, స్థలముల ధరలు దిగినవి, అప్పుచేసి మేడలు కట్టినవారు చిక్కుల పాలైరి. పొలము అమ్మి అంగడి పెట్టినవాడు అంగడి నడువనపుడు తిరిగి పొలమునకు పోలేడు. 2022లో జిల్లా కేంద్రమగుటచే కచేరీలు వచ్చి ఊరు కొంత కోలుకొన్నది. 2025 నవంబరులో శతజయంతికి జనము మరల విరివిగా చేరినది. ఆసుపత్రి, నీటిపథకము వంటివి ఎవరు వచ్చినను రాకున్నను ఊరివారికి ఉపయోగపడునవి. వచ్చువారిపైననే ఆధారపడిన అంగడికి ఆ భద్రత లేదు.

సంస్కృతి విషయమై ఒక్క ఊరి ముచ్చట చెప్పి విరమింతుము. ధర్మవరము మండలమున నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు. మేకతోలును పలుచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులు వేసి, దీపము వెనుకనుంచి రామాయణ భారతములను రాత్రంతయు ఆడెడివారు. వాన రాని యేట ఊరివారు వారిని పిలిపించి ఆడించెడివారు. విరాటపర్వము జరిగిన చోట వాన కురియునని మన సీమలో నమ్మకము. ఆ ఆట వినోదము మాత్రమే కాదు, ఊరంతయు కలిసి దేవునికి పెట్టుకొను మొర. సినిమా, టెలివిజను వచ్చిన తరువాత పిలుపులు తగ్గినవి. కళాకారులు అదే తోలుతో, అదే రంగులతో దీపపు తొడుగులు, గోడకు వ్రేలాడదీయు పటములు చేయ మొదలుపెట్టిరి. పర్యాటకులు, నగరవాసులు కొనిరి. పొట్ట నిండినది, వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తొడుగులు అమ్మినందుకు వారిని తప్పుపట్టువారు మనలో ఉన్నచో, ఆట ఆడించుటకు తాము ఎన్నడైన పిలిచితిమా యని ముందు తమ్ము తాము అడుగుకొనవలెను. కాని నష్టమును గుర్తింపకుండుట కూడ సరికాదు. దీపపు తొడుగు మీది హనుమంతుడు మాటలాడడు. అతని నోటి పద్యము, వెనుక కూర్చుండి తాళము వేయు స్త్రీల పాట, కేతిగాడు బంగారక్కల హాస్యము కొన్నవాని ఇంటికి పోవు పొట్లములో కట్టబడవు. వానిని నేర్వవలెనన్న ఆట జరుగవలెను, వినుటకు జనము కూర్చుండవలెను.

మన ట్రస్టు పక్షమున లేపాక్షికి, కదిరికి బస్సులు కట్టించుకొని పోవువారు పెక్కుమంది ఉన్నారు. ధర్మవరము మీదుగా పోవునప్పుడు నిమ్మలకుంటకు ముందుగా కబురు చేయుడు. రాత్రంతయు కూర్చుండుట కుదరకున్నను, చీకటిపడిన తరువాత సుందరకాండలోని ఒక ఘట్టము ఆడుమని అడిగిచూడుడు. ఒక తెర, ఒక దీపము ఉన్నచో చాలును. ఊరి పిల్లలను కూడ ముందువరుసలో కూర్చుండబెట్టుడు.